రక్షణ ఉచితమే అయితే, ఈ మంచి అంతా ఎవరి కోసం చేస్తున్నట్టు?

మల్కాపురం_కుర్రాడు
అందరికీ వందనాలు. ఇక్కడ చదవడమే గానీ రాయడం తక్కువ. మా యూత్‌లో ఒక ప్రశ్న మీద పెద్ద గొడవే అయింది, ఇంకా తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

ఎఫెసీ 2:8-9 మనందరికీ నోటికి వచ్చు. కృపచేతనే రక్షింపబడియున్నారు, క్రియల వల్ల కాదు, ఎవడూ అతిశయపడ వీలులేదు. సరే. అంటే నేను ఆకలిగా ఉన్నవాడికి అన్నం పెడితే నా రక్షణకు కొత్తగా కలిసేదేమీ లేదు, పెట్టకపోతే తగ్గేదీ లేదు. మరి పెట్టడం ఎందుకు? "పరలోకంలో బహుమానం ఉంటుంది కదరా" అన్నాడు మావాడొకడు. బహుమానం కోసం పెడితే అది వడ్డీ వ్యాపారం, నిస్వార్థం ఎలా అవుతుంది? "దేవునికి కృతజ్ఞతగా చేస్తాం" అన్నాడు ఇంకొకడు. అంటే ఎదుటివాడు నా కృతజ్ఞత చూపించుకోవడానికి దొరికిన మనిషి అన్నమాట. అదీ మింగుడు పడలేదు.

ఇదంతా ఎక్కడ మొదలైందంటే, మొన్న మా సంఘం తరఫున రైల్వే స్టేషన్ దగ్గర దుప్పట్లు పంచాం. ఒక అన్న ఫుట్‌పాత్ మీదున్న ముసలామెకు దుప్పటి ఇచ్చాడు, ఆమె ఒళ్ళో పెట్టుకుంది. తీరా చూస్తే ఫోటోలో బ్యానర్ మీద సంఘం పేరు సగమే పడింది. దుప్పటి మళ్ళీ అడిగి తీసుకున్నాడు. ఆమె ఇచ్చేసింది గానీ, తిరిగి ఇస్తారో ఇవ్వరో అని రెండు చేతులూ చాపే ఉంచింది. ఆ రెండో ఫోటోయే ఇప్పుడు గ్రూపులో తిరుగుతోంది, కింద వరసగా ఆమెన్‌లు.

ప్రార్థనాపరుడు
ప్రైజ్ ది లార్డ్ బ్రదర్. జవాబు చెప్పే ముందు ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. మీరు రక్షణ పొందారా? ఏ రోజు, ఎక్కడ, ఏ వాక్యం ద్వారా? అది తేలకుండా క్రియల గురించి మాట్లాడుకోవడం దండగ. మన నీతిక్రియలన్నీ మురికిగుడ్డ లాంటివని యెషయా 64:6లో ఉంది. మారుమనస్సు లేనివాడు దుప్పట్లు పంచినా, ఆసుపత్రి కట్టించినా దేవుని లెక్కలో సున్నా.

చర్చికి_వెళ్ళను
అదిగో, రెండో పోస్టుకే తేదీ అడిగేశారు. ఆధార్ కూడా అడగండి.

అన్నట్టు, విశాఖలో డిసెంబరులో ఫుట్‌పాత్ మీద పడుకునేవాళ్ళకు కావలసింది దోమతెర. దుప్పటి ఎందుకిస్తారంటే ఫోటోలో బాగా కనబడుతుంది కాబట్టి.

ఉక్కునగరం_అంకుల్
బాబూ, మంచి ప్రశ్న. దీనికి నీకు నోటికి వచ్చిన రెండు వచనాల పక్కనే ఉన్న మూడోది చూడు, ఎఫెసీ 2:10. సత్క్రియలు చేయడానికే మనం క్రీస్తుయేసులో సృష్టించబడ్డామని అక్కడే ఉంది. మన ప్రసంగాలు ఎందుకో తొమ్మిదో వచనం దగ్గరే ఆగిపోతాయి. నేను బాప్టిస్టుని, మా పుల్పిట్ మీద కూడా అదే వరస.

నాకు ఈ విషయం లూకా 19లో, ప్రభువును చూడ్డానికి చెట్టెక్కిన జక్కయ్య దగ్గర బాగా అర్థమైంది. ప్రభువు చెట్టు కింద నిలబడి "నేడు నేను నీ యింట నుండవలసియున్నది" అన్నాడు. అప్పటికి జక్కయ్య ఎవరికీ పైసా ఇచ్చింది లేదు. సుంకం వసూళ్ళలో బాగా వెనకేసుకున్న మనిషి, ఊరంతా ఛీ కొట్టే మనిషి. అతను పిలవలేదు, ఆయనే వస్తానన్నాడు. ఆ తర్వాత సగం ఆస్తి బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. ముందే ఇచ్చి ఉంటే అది ఆయన్ని ఇంటికి రప్పించుకోవడానికి బేరం అయ్యేది. తనను ఎవరూ లెక్కచేయరన్న భయంతోనే కదా మనిషి డబ్బును పట్టుకుని వేలాడేది? ఆ భయం పోయింది, డబ్బు చేతిలోంచి జారింది. కష్టపడి త్యాగం చేసినట్టు కూడా లేదు అక్కడ.

ప్రొటెస్టంట్ ఉద్యమం మొదలుపెట్టిన లూథర్ 1520లో రాసిన మాటల సారం కూడా ఇదే. విశ్వాసం వల్ల క్రైస్తవుడు ఎవడికీ దాసుడు కాడు, ప్రేమ వల్ల అందరికీ దాసుడు. నా రక్షణ సంగతి తేలిపోయింది కాబట్టి ఇక నా గురించి నేను చూసుకోనక్కర్లేదు. చేతులు ఖాళీ అయ్యాయి. ఖాళీ అయిన చేతులు పక్కవాడి పనికి వస్తాయి.

చర్చికి_వెళ్ళను
అంకుల్, చిన్న అనుమానం. "నేడు ఈ యింటికి రక్షణ వచ్చియున్నది" అన్న మాట జక్కయ్య ఇస్తానన్నాకే కదా వచ్చింది? ఇస్తానన్నది 19:8లో, ఆ మాట 19:9లో. చర్చికి వెళ్ళనన్నాను గానీ సండే స్కూల్లో ప్రైజులు కొట్టినవాణ్ణే.

ఉక్కునగరం_అంకుల్
పాయింటే. గుమ్మం దాటి వచ్చింది ముందే, ప్రకటించింది తర్వాత అంటాను నేను. ఇవ్వకుండా ఉంటే ఆ భోజనం అయ్యాక ఏమనేవాడో నాకూ తెలియదు.

జ్ఞానాపురం_టీచర్
మేం కథోలికులం. మాకు చిన్నప్పటి నుంచి పక్కవీధి పిల్లలు చెప్పే మాట ఒకటే, "మీరు క్రియలతో రక్షణ కొనుక్కుంటారు" అని. అది తప్పు. ముందు కదిలేది కృపే అని మా బిషప్పుల ట్రెంట్ మహాసభ 1547లోనే చెప్పింది. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో కథోలిక సభ, లూథరన్ ప్రపంచ సమాఖ్య ఈ విషయం మీద ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేశాయి. మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లనే దేవుడు మనల్ని అంగీకరిస్తాడు, ఆ కృపే మనల్ని సత్క్రియలకు పంపుతుంది అన్నది దాని సారం. 2006లో మెథడిస్టులూ కలిశారు. ఆ కబురు మా జ్ఞానాపురం సందుల్లోకి ఇంకా రాలేదు, అంతే.

క్రియలు కాదు విశ్వాసం అన్న పౌలుకీ, క్రియలు లేని విశ్వాసం మృతం అన్న యాకోబుకీ గొడవ అనుకునేవాళ్ళు ఒకసారి గమనించండి. ఇద్దరూ అబ్రాహామునే సాక్ష్యం తెచ్చుకున్నారు. పౌలు చూసింది ఆదికాండం 15, పిల్లలు లేని ముసలాయన నక్షత్రాల కింద నిలబడి దేవుడి మాట నమ్మిన రాత్రి. యాకోబు చూసింది 22వ అధ్యాయం, అదే మనిషి దేవుడు అడిగితే కొడుకును బలివ్వడానికి తీసుకుని కొండెక్కిన రోజు. మధ్యలో ఏళ్ళకు ఏళ్ళు గడిచాయి. ఆ రాత్రి నమ్మకం నిజమా కాదా అన్నది ఆ రోజు కొండ మీద తేలింది. లూథర్ గారికి యాకోబు పత్రిక నచ్చలేదు, 1522లో గడ్డి పత్రిక అని రాశారు కూడా. అంత పెద్దాయనకీ ఒక్కోరోజు అలా ఉంటుంది.

ఇక ఆ ఫోటో అన్న గురించి. మత్తయి 6:3, కుడిచెయ్యి చేసేది ఎడమచేతికి తెలియకూడదు. అక్కడ రెండు చేతులూ బ్యానర్‌కే సరిపోయాయి, ఇంకేం తెలుస్తుంది.

ప్రార్థనాపరుడు
టీచర్ గారు, సిలువ మీద దొంగ సంగతి ఏమంటారు? ఏ క్రియ చేశాడు? బాప్తిస్మం లాంటి ఏ సంస్కారం తీసుకున్నాడు? "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అన్నాడు ప్రభువు. ఒక్క మాటతో రక్షణ. దీని ముందు ఏ ఉమ్మడి ప్రకటనా నిలబడదు.

జ్ఞానాపురం_టీచర్
బ్రదర్, లూకా 23:40-41 మళ్ళీ చదవండి. తన కోసం అడగక ముందు అతను ఇంకో పని చేశాడు. రెండో దొంగ ప్రభువును ఎగతాళి చేస్తుంటే అడ్డుపడి, "ఈయన ఏ తప్పూ చేయలేదు" అన్నాడు. కాళ్ళూ చేతులూ మేకులకు ఉన్నాయి, మిగిలింది నోరొక్కటే. ఊరంతా ఒకవైపు ఉన్నప్పుడు ఆ నోటిని ఇంకొకరి కోసం వాడాడు. దానివల్ల రక్షణ వచ్చిందని నేననను. ఏమీ చేయలేదని మాత్రం మీరనకండి.

మోడరేటర్
సంఘాల మధ్య పోటీ పెట్టకండి. ఎవరు కరెక్టో తేల్చే బాధ్యత ఈ వేదిక తీసుకోలేదు.

రెండో_కోడలు
నేను కొంచెం వేరే మాట అంటాను, కోపం తెచ్చుకోకండి.

"తన్ను తాను ఉపేక్షించుకొని తన సిలువయెత్తికొని" అనే వాక్యం మీద స్త్రీల కూడికలో విన్నన్ని ప్రసంగాలు నేను ఇంకెక్కడా వినలేదు. మగవాళ్ళ కూడికలో ఏం చెబుతారని మా ఆయన్ని అడిగితే, నాయకత్వం గురించట. మా అత్తగారికి పక్షవాతం వచ్చి మంచం మీదే ఉన్నారు. డైపర్లు, నాలుగు గంటలకోసారి పక్క తిప్పడం, ముక్కు గొట్టంలో పాలు, వీపు కింద పుండు పడకుండా పౌడరు. నేనే చేస్తాను. ఆమె మీద నాకు కోపమేమీ లేదు, మంచి మనిషి. కానీ పెద్దకోడలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి "నీకు పరలోకంలో కిరీటం ఉంది చెల్లీ" అంటుంది. నాకు కిరీటం వద్దు, ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు నిద్ర కావాలి. ఆ మాట మా సంఘంలో ఒక పెద్దావిడతో అంటే, "రక్షణ పొందినదానివి, ఇంకా నీ సుఖం చూసుకుంటున్నావా" అంది.

నిస్వార్థంగా బతకమని ఎవరికి చెప్పాలి? ఇప్పటికే తనదంటూ ఏమీ మిగలనివాళ్ళకా? కుర్రాడి ప్రశ్న బాగుంది, కానీ అది చేతిలో ఏదో ఉన్నవాడి ప్రశ్న. ఇవ్వనా వద్దా అని ఆలోచించే తీరిక మాకు లేదు.

చర్చికి_వెళ్ళను
నేను చర్చి మానేసింది సరిగ్గా ఇందుకే. మీకు దండం సిస్టర్.

నైట్‌డ్యూటీ
రెండో కోడలు గారూ, ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. మీరు చెప్పిన పని జీతానికి చేసేవాళ్ళం కూడా షిఫ్టు అయ్యాక ఇంటికి పోతాం. ఇరవై నాలుగు గంటలూ ఒక్కరే చేయకూడదు. రాత్రి నిద్ర లేకపోతే మందు డోసు తప్పు పోస్తారు, అప్పుడు ఆమెకే ప్రమాదం. నీటి పరుపు వాడుతున్నారా? లేకపోతే ముందు అది తెప్పించండి.

దొంగలు కొట్టి దారిలో పడేసిన మనిషిని కాపాడిన మంచి సమరయుడి కథ అందరూ చెబుతారు, అతను మర్నాడు పొద్దున్న ఏం చేశాడో ఎవరూ చెప్పరు. వెళ్ళిపోయాడు! రాత్రంతా చూసుకున్నాడు, పొద్దున్నే పూటకూళ్ళవాడి చేతిలో రెండు దేనారాలు పెట్టి, ఇతన్ని చూసుకో, ఎక్కువైతే తిరిగి వచ్చేటప్పుడు ఇస్తానని చెప్పి తన దారిన తను పోయాడు. ఆ కాలంలో ఒక దేనారం ఒక రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట కూలీల దగ్గర ఆ లెక్క ఉంది. అంటే రెండు రోజుల కూలి ఇచ్చి మనిషిని పెట్టాడు. అతన్ని ఎవరూ స్వార్థపరుడు అనలేదు. పైగా ఈ కథకు దారితీసిన మాటలు ఏ ప్రశ్నతో మొదలయ్యాయో చూడండి, "నిత్యజీవానికి వారసుణ్ణి కావాలంటే నేనేం చేయాలి?" అని ధర్మశాస్త్రం చదివినాయన అడిగినదానితో. రక్షణ గురించి అడిగితే ప్రభువు ఆయాని పెట్టిన మనిషి కథ చెప్పాడు.

మీ తోటికోడలు గారికి కిరీటం బదులు నెలకు ఆయా జీతంలో సగం పంపమని చెప్పండి.

రెండో_కోడలు
నీటి పరుపు ఉందండీ, గాలి దిగిపోతోంది, మార్చాలి. జీతం మాట మా ఆయనతో చెప్పిస్తాను. నేను చెబితే పెద్ద యుద్ధం.

అడవివరం
నేను క్రైస్తవుణ్ణి కాదు, సింహాద్రి అప్పన్న కొండ కింద ఇల్లు. మిత్రుడు లింకు పంపితే చదువుతున్నాను. తప్పుంటే తీసేయండి.

మీరు కృపా, క్రియలా అని కొట్టుకుంటున్నది శ్రీవైష్ణవంలోనూ ఉంది. అందులో రెండు శాఖలు. వడగలై వాళ్ళది మర్కట కిశోర న్యాయం, అంటే కోతిపిల్ల తల్లిని గట్టిగా పట్టుకోవాలి. తెంగలై వాళ్ళది మార్జాల కిశోర న్యాయం, పిల్లి తన పిల్లను నోట కరుచుకుని పోతుంది, పిల్ల చేసేదేమీ ఉండదు. వందల ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. మా ఇంట్లో భోజనాల దగ్గర ఇప్పటికీ అవుతుంది.

నిస్వార్థం అంటే మాత్రం నాకు రామానుజుల కథే గుర్తొస్తుంది. తిరుక్కోష్టియూరులో గురువు రహస్యంగా ఉపదేశించిన మంత్రాన్ని గోపురం ఎక్కి అందరికీ వినిపించారట. ఆజ్ఞ మీరితే నరకం తప్పదని గురువు అంటే, "ఇంతమంది తరిస్తుంటే నేనొక్కణ్ణీ నరకానికి పోతే పోతాను" అన్నారట. మోక్షాన్ని కూడా పట్టుకుని కూర్చోకపోవడం. మీ దగ్గర అలాంటి మాట ఎక్కడైనా ఉందా?

ఉక్కునగరం_అంకుల్
ఉంది బాబూ, రెండు చోట్ల. బంగారు దూడ చేసుకున్న జనం కోసం మోషే దేవుడితో, వీళ్ళ పాపం క్షమించు, లేదంటే నువ్వు రాసిన గ్రంథంలోంచి నా పేరు తుడిచెయ్ అన్నాడు, నిర్గమ 32:32. పౌలు అయితే ఇంకా ముందుకు పోయాడు. రోమా 8 చివర్లో క్రీస్తు ప్రేమ నుంచి నన్ను ఏదీ వేరు చేయలేదని గొంతెత్తి చెప్పి, తొమ్మిదో అధ్యాయం మొదలవుతూనే, నా జనం కోసం నేను క్రీస్తు నుంచి వేరై శాపగ్రస్తుణ్ణి కావాలని కోరుకుంటాను అంటాడు. రక్షణ మీద అంత ధీమా ఉన్నవాడే దాన్ని వదులుకోవడానికి సిద్ధపడ్డాడు. నలభై ఏళ్ళుగా బైబిల్ చదువుతున్నాను, ఆ మూడో వచనం మీద ప్రసంగం విన్న గుర్తు లేదు.

మా కుర్రాడి ప్రశ్నకు ఇదే సగం జవాబు అనుకుంటాను. నా ఆత్మ, నా రక్షణ, నా బహుమానం అని లెక్క చూసుకుంటూ కూర్చునేవాడికి అసలు రక్షణ అంటే ఏమిటో ఇంకా తెలియదు.

జ్ఞానాపురం_టీచర్
దీనికి తోడు పోలండ్ ఫాదర్ మాక్సిమిలియన్ కోల్బే గారి సంగతి. 1941 జూలై చివర్లో నాజీల ఆష్విట్జ్ నిర్బంధ శిబిరం నుంచి ఒక ఖైదీ పారిపోయాడని పదిమందిని ఆకలితో చంపడానికి ఎంచారు. ఫ్రాన్సిషెక్ గయోవ్నిచెక్ అనే ఆయన భార్యాపిల్లల్ని తలుచుకుని ఏడిస్తే, ఫాదర్ కోల్బే ముందుకొచ్చి అతని స్థానంలో నేను పోతానన్నారు. ఆగస్టు 14న ఇంజెక్షన్ ఇచ్చి చంపారు. గయోవ్నిచెక్ 1995 దాకా బతికారు. ఇంతవరకూ పిల్లలకు క్లాసులో చెబుతాం. చెప్పనిది ఏమిటంటే, ఏ పిల్లల కోసం ఆయన ఏడ్చారో ఆ కొడుకులిద్దరూ యుద్ధంలోనే చనిపోయారు. ఆయన తిరిగి వచ్చేసరికి లేరు. కోల్బే గారి త్యాగానికి ఫలితం ఎంత అని లెక్క వేస్తే ఏం వేస్తాం? నేను ఈ సంగతి తెలిసినప్పటి నుంచి పిల్లలకు "మంచి చేస్తే మంచే జరుగుతుంది" అని చెప్పడం మానేశాను.

చర్చికి_వెళ్ళను
బాగుంది. ఇప్పుడు నా ప్రశ్న. హుద్‌హుద్ తుఫాను అందరికీ గుర్తుందిగా, 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ గాలి తగ్గాక రోజుల తరబడి కరెంటు లేదు, మోటార్లు తిరగలేదు, పాల ప్యాకెట్ చెప్పిందే రేటు. మా కంచరపాలెం వీధిలో ఒక్క ఇంట్లోనే చేతిపంపు ఉంది. ఆ ఇంటాయన గేటు తాళం తీసేసి బిందెలన్నీ వరసలో పెట్టించాడు. పంపు వాషరు అరిగిపోతే ఎక్కడో పాత చెప్పు తోలు కోసి వేసి మళ్ళీ నడిపించాడు. ఆయన గుడికి పోడు, చర్చికి పోడు, మసీదుకి పోడు. దేవుడి మాటెత్తితే నవ్వుతాడు. మీ లెక్కలో ఆయన ఎక్కడికి పోతాడు?

ప్రార్థనాపరుడు
యోహాను 14:6 బ్రదర్. నా ద్వారా తప్ప ఎవడూ తండ్రి దగ్గరకు రాడు. నేను రాసింది కాదు అది.

జ్ఞానాపురం_టీచర్
మత్తయి 25 కూడా ఎవరమూ రాయలేదు. "ప్రభువా, నువ్వు ఆకలిగా ఉండగా మేమెప్పుడు చూశాం?" అని తీర్పు రోజున అడిగింది కుడివైపు ఉన్న నీతిమంతులే. వాళ్ళకు తెలియదు. తెలియకుండా చేశారు. ఎడమవైపు వాళ్ళదీ అదే ప్రశ్న, కానీ వాళ్ళ బాధ వేరు, నువ్వని తెలిస్తే చేసి ఉండేవాళ్ళమే అని. చేతిపంపు ఆయన ఏ వరసలో నిలబడతారో నేను చెప్పను. తన తప్పు లేకుండా సువార్త ఎరగనివాళ్ళు కూడా, మనస్సాక్షి చెప్పినట్టు బతికితే, రక్షణ పొందగలరని మా సభ రెండో వాటికన్ మహాసభలో 1964లో రాసింది.

జాలారిపేట
ఇందాకటి నుంచి నిస్వార్థం నిస్వార్థం అంటున్నారు. మా వైపు సంగతి చెబుతాను. నడిసముద్రంలో ఎవడి ఇంజనైనా ఆగిపోతే దగ్గర్లో ఉన్న బోటు తాడు కట్టి లాక్కొస్తుంది. ఆ రోజు వేట పోయినట్టే, డీజిల్ పోయినట్టే. ఏ కులమోడు, ఏ దేవుణ్ణి మొక్కుతాడు అని అడగం. ఎందుకంటే రేపు మాది ఆగిపోద్ది. ఇందులో గొప్పేటి లేదు బాబూ, అందరి స్వార్థమూ కలిపి కట్టుకున్న కట్టుబాటు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధంలో బియ్యం చేబదుళ్ళు కూడా అంతే.

నాకు కష్టంగా ఉండేది ఇంకోటి. మా పేటలో ఒకడున్నాడు, బోటు లేదు, తాగుతాడు, ఎవరికీ ఏ సాయమూ తిరిగి చేయలేడు. వాడి పిల్లల ఫీజు కట్టాలంటే మాత్రం చెయ్యి రాదు. మా పాస్టర్ గారు లూకా 14 చదివారు, విందు చేస్తే తిరిగి పిలవలేనివాళ్ళని పిలవమని. ఆ ఆదివారం నాకు ఇబ్బందిగా ఉంది. ఇప్పటికీ ఉంది.

వాచ్‌మన్_కొడుకు
మా నాన్న సీతమ్మధారలో ఒక అపార్ట్‌మెంట్‌కు వాచ్‌మన్‌గా చేసేవాడు. అందులో ఒక ఫ్లాటాయన ప్రతి క్రిస్మస్‌కూ మాకు కేకు, కొత్త బట్టలు ఇచ్చేవాడు. అసోసియేషన్‌కు సెక్రటరీ కూడా ఆయనే. నాన్న జీతం మాత్రం రెండేసి నెలలు ఆగేది. అడిగితే "ప్రార్థన చేస్తున్నాం కదా" అనేవాడు. యాకోబు 5:4 చదవండి, బిగబట్టిన కూలి మొర పెడుతోందని. దశమభాగం తర్వాత, దుప్పట్లు తర్వాత, ముందు ఇవ్వాల్సింది ఇవ్వండి. జక్కయ్య నాలుగంతలు తిరిగిచ్చింది దానం కాదు, బాకీ.

ఉక్కునగరం_అంకుల్
ఈ పోస్టు మా సంఘం కమిటీలో చదివి వినిపిస్తాను, నీకు అభ్యంతరం లేకపోతే.

బ్యానర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి. 1805లో లండన్ మిషనరీ సొసైటీ నుంచి జార్జ్ క్రాన్, అగస్టస్ డెగ్రాంజెస్ మన విశాఖపట్నం వచ్చి, ఇక్కడే సువార్తల తెలుగు అనువాదం మొదలుపెట్టారు. క్రాన్ 1809లో పోయాడు, డెగ్రాంజెస్ 1810లో. మత్తయి, మార్కు, లూకా 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. తమ పని పుస్తకంగా చూసుకోలేదు ఇద్దరూ. పక్కన కూర్చుని సాయం చేసిన ఆనందరాయర్ పేరైతే మన సంఘాల్లో ఎత్తేవాళ్ళే లేరు. ఈ చర్చలో మనం విసురుకుంటున్న వచనాలన్నీ ఆ వరసలో వచ్చినవే.

మల్కాపురం_కుర్రాడు
అందరికీ థాంక్స్. చాలా ఉంది, మళ్ళీ మళ్ళీ చదవాలి. ఎందుకు చేస్తున్నాను అని నా మనసునే తవ్వుకుంటూ కూర్చుంటే అది కూడా నా చుట్టూ నేను తిరగడమే అని అంకుల్ మాట వల్ల అనిపించింది. అయినా బహుమానం సంగతి నాకు పూర్తిగా తేలలేదు. మత్తయి 6లోనే రహస్యంగా చేస్తే తండ్రి ప్రతిఫలమిస్తాడని ఉంది కదా? ప్రభువే ఆశ పెడితే మనం ఆశపడకూడదా?

నర్సు గారూ, ఫోటో లేకుండా, బ్యానర్ లేకుండా మేం చేయగలిగిన పని మీ వార్డులో ఏమైనా ఉందా?

నైట్‌డ్యూటీ
ఉంది. పళ్ళు, బ్రెడ్డు వద్దు, క్రిస్మస్ వారం గుట్టలుగా వస్తాయి, సగం పాడైపోతాయి. అటెండెంట్ లేని పేషెంట్లు ఎప్పుడూ ఇద్దరు ముగ్గురు ఉంటారు. యాక్సిడెంట్‌లో తెచ్చి పడేసినవాళ్ళు, ఇంట్లోవాళ్ళు వదిలేసి పోయినవాళ్ళు. రాత్రి పక్కన ఒక మనిషి కావాలి. సెలైన్ అయిపోతుంటే మమ్మల్ని పిలవాలి, బాత్రూముకు తీసుకెళ్ళాలి, మందుల చీటీ పట్టుకుని మెట్లు దిగి ఎక్కాలి. మగ వార్డుకు మగవాళ్ళే. ఒక్కరోజు వచ్చి మానేసేవాళ్ళు వద్దు, పేషెంట్ ఎదురు చూస్తాడు. ముందు మా సూపరింటెండెంట్ గారి పర్మిషన్ తీసుకోవాలి, అది నేను మాట్లాడతాను. ఇంకో సంగతి, వాళ్ళు అడగకుండా గట్టిగా ప్రార్థనలు, కరపత్రాలు వద్దు.

ప్రార్థనాపరుడు
సిస్టర్, చివరి మాట దగ్గర నాకు అభ్యంతరం ఉంది. వెక్కిరించకుండా వినండి. ఒక మనిషి రేపో మాపో పోతాడు. నాకు తెలిసిన ఒకే ఒక్క మంచి కబురు లోపల దాచుకుని, మంచినీళ్ళు తాగించి వచ్చేస్తే అది నిస్వార్థం ఎలా అవుతుంది? నాకు ఇబ్బంది లేకుండా చూసుకున్నట్టు కాదా? మా అన్నయ్య ఎవరూ చెప్పకుండానే పోయాడు. ఆ వార్డులో ఎవరో ఒకరు చెప్పి ఉంటే అని నేను రోజూ అనుకుంటాను.

నైట్‌డ్యూటీ
బ్రదర్, మీ అన్నయ్య సంగతి విని బాధగా ఉంది. దాచమని నేననలేదు. కొన్ని రాత్రులు పక్కన ఉంటే వాళ్ళే అడుగుతారు, ఎందుకొస్తున్నావు బాబూ అని. అప్పుడు చెప్పండి, ఎవరూ ఆపరు. అడగకపోతే మీ మనసులో చేసుకోండి. పక్క మంచం మీద కుట్లు వేసిన మనిషి నిద్రపోతుంటాడు, ఆయనకూ ఆ నిద్ర కావాలి.

చర్చికి_వెళ్ళను
అడగకపోయినా వస్తారా బ్రదర్? నిజంగానే అడుగుతున్నాను.

ప్రార్థనాపరుడు
వస్తాను. నాకు శనివారం రాత్రులు కుదురుతుంది, ఆదివారం పొద్దున ఆరాధనకు అక్కణ్ణుంచే పోతాను. గేటు దగ్గర ఎవర్ని అడగాలి?

నైట్‌డ్యూటీ
పర్మిషన్ రాగానే మీకూ, కుర్రాడికీ విడిగా మెసేజ్ పెడతాను. స్వెట్టర్ తెచ్చుకోండి, వార్డు కిటికీల అద్దాలు సగం లేవు. ఓడోమాస్ కూడా.